పసుపు గీతలో బందరు వాటా

హీలియం అనే మూలకాన్ని ప్రపంచంలో మొట్టమొదట గుంటూరులో కనుగొన్నారన్న మాట తెలుగునాట చాలామందికి తెలుసు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దాన్ని బట్టీ పడతారు. ఆగస్టు 18 వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. గర్వించదగ్గ మాటే, కానీ అందులో నిజమూ తొందరపాటూ కలగలిసిపోయి ఉన్నాయి. గుంటూరులో జరిగిన అసలు గొప్ప పని ఆ ఒక్క వాక్యం కింద కప్పబడిపోయింది. అదే రోజు, అదే సూర్యుణ్ణి చూస్తూ బందరులో, అంటే మచిలీపట్నంలో, జరిగిన పని పూర్తిగా మరుగున పడింది. ఈ రెండు తప్పులనూ సరిదిద్దవలసిన బాధ్యత కృష్ణా డెల్టా వాళ్ళదే. ఎందుకంటే ఆ కథ తెలుగు నేల మీద అడుగుపెట్టింది బందరు రేవులోనే.

ఆగస్టు 18న రాబోయే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి, 1868 జూన్ 19న ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియెర్ జూల్ జాన్సెన్ ఓడ ఎక్కాడు. వెంట దుర్భిణులు, పట్టకాలు, వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపులు నింపిన పెట్టెలు. జులై 16న మద్రాసులో దిగాడు. గవర్నరు లార్డ్ నేపియర్ ఆయన్ను ప్రభుత్వ ఓడలో బందరుకు పంపించాడు, వెంట ఉండి పనులు చక్కబెట్టడానికి గ్రాహం అనే సహాయ కలెక్టరును అప్పగించాడు. బందరు రేవులో లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే, మనుషులూ సరుకూ పడవల మీద దిగాల్సిందే. అద్దం పగిలినా, పట్టకం గీరుకుపోయినా వేల మైళ్ళ ప్రయాణం వృథా అయ్యే సామాను అది.

ఆ బందరు అప్పటికి నాలుగేళ్ళ కిందటే మునిగి తేలిన ఊరు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల పల్లెలు కలిసి సుమారు 30,000 ప్రాణాలు పోయాయి. ఆ గాయం ఆరకముందే ఊరు గ్రహణ శాస్త్రజ్ఞులకు మజిలీ అయింది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆనాడు గుంటూరు వేరే జిల్లా కాదు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి అందులో చాలా భాగాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్ళీ విడదీసింది 1904లో. అంటే 1868లో గుంటూరులో గ్రహణం చూసినా, బందరులో చూసినా, చూసింది ఒకే జిల్లాలో. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం బందరు. గుంటూరుకా, బందరుకా అన్న పంచాయితీకి ఆ కాలపు పటం దగ్గర తావే లేదు.

జాన్సెన్ బందరులో ఆగిపోలేదు. తీరంలో మబ్బులు కమ్ముకుంటే చేసేదేమీ ఉండదు. నీడ నడిగీత మీదే ఉంటూ, సముద్రానికీ కొండలకీ మధ్యన ఉన్న ఊరు కావాలనుకుని గుంటూరును ఎంచుకున్నాడు. అక్కడ లెఫోషర్ అనే ఫ్రెంచి వ్యాపారి ఇంటి పైన పరికరాలు నిలబెట్టాడు. అదే గుంటూరులో మేజర్ జేమ్స్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా గుడారాలు వేసింది. బందరులో మకాం వేసింది మద్రాసు నక్షత్రశాల ప్రభుత్వ ఖగోళజ్ఞుడు నార్మన్ పాగ్‌సన్. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. పశ్చిమాన జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ కూర్చున్నాడు. ఈయన యురేనస్‌ను కనుగొన్న విలియం హెర్షెల్‌కు మనుమడు. చంద్రుడి నీడ ఏడెన్ దగ్గర మొదలై, దక్కను మీదుగా వచ్చి, బందరు దగ్గర తీరం దాటి, బంగాళాఖాతం మీదుగా సయాం వైపు సాగింది. ఆ దారి పొడవునా దుర్భిణులు కాచుకుని ఉన్నాయి.

మన పంచాంగం ప్రకారం అది విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. పోలాల అమావాస్య. మఖ కార్తె నడుస్తోంది. డెల్టా ఇళ్ళలో కందమొక్క పెట్టి పోలేరమ్మను కొలుచుకునే పండుగ రోజునే, పొద్దున పూట సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడు. ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, పట్టు స్నానానికీ విడుపు స్నానానికీ మధ్య ఊళ్ళు బిక్కుబిక్కుమన్న ఆ అయిదు నిమిషాల పైచిలుకు కాలంలోనే సూర్యుణ్ణి గురించి మనిషికున్న తెలివిడి మారిపోయింది.

ఆ మార్పు ఏమిటో అర్థం కావాలంటే వంటింటి పొయ్యి చాలు. గ్యాసు మంట నీలంగా వెలుగుతుంటుంది. దాని మీద చిటికెడు ఉప్పు పడితే మంట చటుక్కున పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఆ వెలుగును పట్టకం గుండా పంపితే మొత్తం ఇంద్రధనుస్సు కనిపించదు, పసుపు చోట రెండు సన్నని గీతలు మాత్రమే మెరుస్తాయి. శాస్త్రజ్ఞులు వాటికి డి గీతలని పేరు పెట్టారు. ఒకటి 589.0 నానోమీటర్ల దగ్గర, రెండోది 589.6 దగ్గర. వేడెక్కిన ప్రతి వాయువుకూ ఇలా తనవైన గీతలు ఉంటాయని జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ 1859, 1860లలో తేల్చారు. అంటే చేత్తో ముట్టుకోకుండా, కోట్ల మైళ్ళ దూరంలో ఏం మండుతోందో చెప్పవచ్చు. అంతకు పాతికేళ్ళ ముందే ఫ్రెంచి తాత్వికుడు ఒగ్యూస్త్ కోంత్ నక్షత్రాల్లో ఏ పదార్థముందో మనిషికి ఎన్నటికీ తెలియదని రాశాడు. ఆయన పోయిన రెండేళ్ళకే ఆ మాట తప్పని తేలింది.

సంపూర్ణ గ్రహణ వేళ నల్లటి చంద్రుడి అంచున ఎర్రటి నాలుకల్లా సౌరజ్వాలలు కనిపిస్తాయి. 1842 గ్రహణం నుంచీ వాటిని గురించి వాదనలున్నాయి. 1860లో తీసిన ఫొటోల వల్ల అవి చంద్రుడివి కావు, సూర్యుడివే అని తేలింది. కానీ అవి ఏమిటి? మేఘాలా, కొండలా, మంటలా? 1868 ఆగస్టు 18 ఉదయం డెల్టాలో స్పెక్ట్రోస్కోపు చీలికలోంచి చూసిన వాళ్ళకు జవాబు దొరికింది. ఇంద్రధనుస్సు కాదు, మెరిసే గీతలు కనిపించాయి. కాబట్టి అవి వాయువులు. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వి. వీటితోపాటు ఒక పసుపు గీత కూడా ఉంది.

ఆ పసుపు గీత దగ్గరే చరిత్ర ఆగి ఆలోచించాలి. గుంటూరులో టెనెంట్, జమఖండిలో హెర్షెల్, సయాంలోని ఫ్రెంచి బృందంలో జార్జ్ రాయె, అందరూ దాన్ని చూశారు. సోడియం డి గీత అనుకున్నారు. పాగ్‌సన్ కూడా బందరులో దాన్ని చూశాడు. అయితే అది డి గీత స్థానంలోనే ఉందనో, దానికి మరీ దగ్గరగా ఉందనో జాగ్రత్తగా రాసుకున్నాడు. నేటి కొలతల్లో చెప్పాలంటే, ఆ గీత 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది. సోడియం గీతలకు రెండు నానోమీటర్లయినా ఎడం లేదు. అయిదారు నిమిషాల చీకటిలో, చేత్తో తిప్పే పరికరంతో, జీవితంలో మళ్ళీ దొరకని దృశ్యం ముందు నిలబడి అంత చిన్న తేడాను అనుమానించడమే పెద్ద పని. పాగ్‌సన్ తన నివేదికను మద్రాసులో అచ్చువేయించాడు. దాని పేరులోనే మచిలీపట్నం, వనపర్తి ఉన్నాయి. కానీ ఐరోపా శాస్త్ర లోకంలో దానికి రావలసినంత ప్రచారం రాలేదు.

ఇక గుంటూరులో జాన్సెన్ చేసిన పని వేరు. హైడ్రోజన్ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, ఆయన గ్రహణం విడుస్తుండగానే ఈ గీతలను గ్రహణం లేకుండా కూడా చూస్తానని పైకే అన్నాడు. తర్కం సులువైనది. మామూలు రోజుల్లో సూర్యకాంతి ధగధగలో జ్వాలలు కనిపించవు. కానీ సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి, పట్టకంతో దాన్ని వెడల్పుగా పరిస్తే ప్రతిచోటా పలచబడిపోతుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే కుదించి ఉంటుంది, అది పలచబడదు. ఆ రోజు గ్రహణం తర్వాత మబ్బు పట్టింది. మర్నాడు, 19వ తేదీ పొద్దున్నే, నిండు సూర్యుడి అంచుకు చీలికను గురిపెట్టాడు. గీతలు కనిపించాయి. సెప్టెంబరు 4 దాకా గుంటూరులోనే ఉండి రోజూ జ్వాలలను గీసుకున్నాడు. కొన్ని నిమిషాల్లోనే వాటి ఆకారం మారిపోవడం గమనించాడు. పదిహేడు రోజులు సాగిన గ్రహణంలా ఉందని ఆయనే చెప్పుకున్నాడు.

మనిషి చరిత్రలో అప్పటి దాకా జ్వాలలను చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళు కాచుకుని, సముద్రాలు దాటి, మబ్బు పట్టకూడదని దండం పెట్టుకోవాల్సిందే. గుంటూరు తర్వాత ఆ అవసరం తీరిపోయింది. ఎండ కాసే ఏ రోజయినా, ఏ ఊళ్ళోనయినా చూడవచ్చు. సూర్యుడి భౌతికశాస్త్రానికి ఇదొక పెద్ద మలుపు. దీన్ని పక్కన పెట్టి, జాన్సెన్ గుంటూరులో హీలియం కనుగొన్నాడని మాత్రమే చెబితే ఆయన చేయనిది ఆయనకు అంటగట్టి, చేసింది తీసేసుకున్నట్టు అవుతుంది. కొత్త మూలకం దొరికిందని గుంటూరు నుంచి జాన్సెన్ ప్రకటించలేదు.

మిగతా కథ ఇంగ్లండులో నడిచింది. జాన్సెన్ తన ఉత్తరాన్ని సెప్టెంబరు 19న కాకినాడ నుంచి రాశాడు. అది పారిస్ చేరేసరికి అక్టోబరు నెలాఖరు. ఈలోగా ఇంగ్లీషు ఖగోళజ్ఞుడు నార్మన్ లాక్యర్ అక్టోబరు 20న లండన్‌లో సొంతంగా అదే పద్ధతి కనుక్కున్నాడు. ఇద్దరి సమాచారం ఫ్రెంచి శాస్త్ర అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ కలిపి ఒకే పతకం మీద ముద్రించింది. రోజూ చూసే వీలు చిక్కడంతో లాక్యర్ పసుపు గీతను తీరిగ్గా కొలిచాడు. అది సోడియంది కాదని రూఢిచేశాడు. రసాయనవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్‌తో దాన్ని పుట్టించాలని చూస్తే కుదరలేదు. సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ మీదుగా ఆ తెలియని పదార్థానికి హీలియం అన్న పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను చూసే దాకా భూమి మీద హీలియం ఎవరి చేతికీ చిక్కలేదు.

కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. బందరు, గుంటూరు, జమఖండి, సయాంలలో గీత కనిపించింది. గుంటూరులో దాన్ని రోజూ చూసే దారి దొరికింది. లండన్‌లో అది కొత్తదని తేలింది. ఇరవయ్యేడేళ్ళ తర్వాత పదార్థం దొరికింది. శాస్త్రంలో చాలా ఆవిష్కరణలు ఇలాగే జరుగుతాయి. ఒక మనిషి, ఒక ఊరు, ఒక తేదీ అని కుదించి నేర్పే మన బడి పాఠాలు పిల్లలకు ఒక సమాధానాన్ని ఇస్తున్నాయి కానీ, సమాధానం ఎలా పుట్టిందో నేర్పడం లేదు. మన వాటాను ఉన్నదున్నట్టు చెప్పుకుంటే అది తగ్గదు. గుంటూరు వాటా ఇంకా పెరుగుతుంది. బందరుకైతే లేని వాటా కొత్తగా వస్తుంది.

బందరులో నిలబడిన ఆ పాగ్‌సన్ సామాన్యుడు కాదని కూడా మన పిల్లలకు తెలియాలి. ఆకాశంలో ప్రకాశవంతమైన చుక్కలను మొదటి తరగతి, కంటికి అతి కష్టంగా కనిపించేవాటిని ఆరో తరగతి అని రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకులు విభజించారు. ఆ తరగతుల మధ్య తేడా ఎంత అన్నదానికి ఖచ్చితమైన లెక్క లేదు. 1856లో పాగ్‌సన్ దానికి ఒక సూత్రం కట్టాడు. మొదటి తరగతి చుక్క ఆరో తరగతి చుక్క కన్నా 100 రెట్లు కాంతివంతం అనుకుంటే, ఒక్కో మెట్టుకు తేడా 2.512 రెట్లు. నేటికీ ప్రపంచమంతటా నక్షత్రాల వెలుగును ఆ కొలతలోనే చెబుతారు. ఫోనులో నక్షత్రపటం తెరిస్తే ప్రతి చుక్క పక్కనా కనిపించే అంకె ఆయనదే. 1861లో మద్రాసుకు వచ్చిన ఏడాదే ఒక గ్రహశకలాన్ని కనుగొని దానికి ఆసియా అని పేరు పెట్టాడు, ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి. ముప్పై ఏళ్ళు మద్రాసులోనే పనిచేసి 1891లో అక్కడే కన్నుమూశాడు.

ఆయన సహాయకుడు రఘునాథాచారి కథ ఇంకా విలువైనది. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి, మద్రాసు నక్షత్రశాలలో చేరి, 1867లో ఆర్ రెటిక్యులి అనే చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. ఆధునిక పద్ధతుల్లో అలాంటి ఆవిష్కరణ చేసిన మొదటి భారతీయుడిగా ఆయన్ను చెబుతారు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగే సంఘటనకు ముందు, అది ఏమిటో మామూలు జనానికి అర్థమయ్యేలా భారతీయ భాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు. పాత పట్టికల లెక్క కళ్ళకు కనిపించే ఆకాశంతో సరిపోవడం లేదు, సరిదిద్దాలి అని పంచాంగకర్తలతో వాదించాడు. నక్షత్రశాలలో చూసినదాన్ని ఇంటి పంచాంగంలోకి తేవాలనుకున్న మనిషి ఆయన. మన ప్రాంతంలో ఈ రోజు అటువంటి వారధులు తగ్గిపోయాయి.

విశాఖపట్నంలో మనవాళ్ళ ఆకాశ పరిశీలన అంతకన్నా ముందే మొదలైంది. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్ళి అక్కడి ఖగోళజ్ఞుడు టి.జి. టేలర్ దగ్గర చదువుకుని వచ్చి, 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో డాబాగార్డెన్స్‌లో నక్షత్రశాల కట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించాడు. 1868 గ్రహణాన్నీ, 1874లో శుక్రుడి ప్రయాణాన్నీ అక్కడి నుంచి చూసి ఇంగ్లండు పత్రికలకు రాశాడు. తెల్లవాళ్ళు చూస్తుంటే మనవాళ్ళు పెట్టెలు మోశారన్నది సగం కథే.

డెల్టాకు ఖగోళంతో ఉన్న బంధం 1868తో మొదలైందీ కాదు. మద్రాసు నక్షత్రశాలకు పునాది వేసిన మైకేల్ టాపింగ్ కోరమాండల్ తీరాన్ని కొలిచిన సర్వేయరు. ఆ కాలంలో ఒక చోటు రేఖాంశం తేల్చడానికి ఆకాశమే గడియారం. 1610లో గెలీలియో చూసిన గురుగ్రహపు చందమామలు ఆ గ్రహం నీడలోకి ఎప్పుడు పోతున్నాయో గమనించి, అదే సంఘటన గ్రీనిచ్‌లో ఏ గంటకు జరిగిందో పోల్చి లెక్క కట్టేవాళ్ళు. మద్రాసు రేఖాంశాన్ని టాపింగ్ తర్వాత నక్షత్రశాలను నడిపిన గోల్డింగ్‌హామ్ ఈ దారినే తేల్చాడు. టాపింగ్ 1780లలో బందరు నుంచి కలకత్తా దాకా ఊళ్ళ స్థానాలు కొలుస్తూ భూమార్గాన వెళ్ళాడు. కృష్ణా, గోదావరి నీళ్ళను పొలాలకు మళ్ళించే వీలుందా అన్న పరిశీలన కూడా ఆయనకు అప్పగించారు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో, అంటే ఆ ఆలోచన వచ్చిన అరవై ఏళ్ళ తర్వాత. టాపింగ్ 1796 జనవరిలో బందరులోనే జ్వరంతో చనిపోయాడు. నక్షత్రాలతో నేలను కొలిచిన ఆ మనిషి ఆఖరి ఊరు బందరు అన్న సంగతి ఆ ఊళ్ళోనే ఎంతమందికి తెలుసు?

ఇంకా వెనక్కి వెళితే దివిసీమ కనిపిస్తుంది. అలెగ్జాండ్రియాలో కూర్చుని, భూమి చుట్టూ ఆకాశం తిరుగుతుందన్న లెక్కను పదమూడు వందల ఏళ్ళకు పైగా నిలిచేలా కట్టిన టాలమీ, క్రీస్తుశకం 150 ప్రాంతంలో భూగోళం మీద కూడా ఒక గ్రంథం రాశాడు. అందులో ప్రతి ఊరికీ అక్షాంశం, రేఖాంశం ఇచ్చాడు. మైసోలియా అనే ప్రాంతం, మైసోలోస్ అనే నది, కొంటకోస్సిల అనే రేవుపట్నం అందులో ఉన్నాయి. ఆ నది కృష్ణ. ఆ రేవు మన ఘంటసాల. నాగార్జునకొండ శాసనాల్లోని కంటకసేల కూడా అదే. చుక్కల ఎత్తును బట్టి అక్షాంశం కట్టడమే సరైన పద్ధతి అని టాలమీకి తెలుసు. కానీ అలాంటి కొలతలు దొరక్క నావికులు చెప్పిన దూరాల మీదే చాలా వరకు ఆధారపడ్డాడు. అందుకే ఆయన పటంలో భారతదేశం ఆకారం వంకర తిరిగిపోయింది. ఘంటసాల మ్యూజియానికి వచ్చే పిల్లలకు బౌద్ధ శిల్పాలతోపాటు ఈ సంగతి కూడా చెబితే, కొలత తప్పితే పటం ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇంత చరిత్ర ఉన్నా గ్రహణమంటే భయం మాత్రం ఇంకా పోలేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ నక్షత్రశాలకు దేశదేశాల శాస్త్రజ్ఞులు వచ్చారు. అదే రోజు దేశంలో వీధులన్నీ కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. టీవీలో సినిమా వేసి జనాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టారు. కృష్ణా జిల్లా ఈ భయానికి ఎదురుగా నిలబడిన చరిత్ర ఉన్న జిల్లా. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు, అందరికీ తెలిసిన పేరు గోరా, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. గర్భిణులు గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందన్న నమ్మకాన్ని ఆయన, ఆయన భార్య సరస్వతి గోరా జీవితాంతం ఎదిరించారు. గర్భిణులను బయటికి పిలిచి గ్రహణం చూపించే సంప్రదాయం ఆ కేంద్రానిది. దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చలోకి దిగకుండా కూడా ఈ పనిని మెచ్చుకోవచ్చు. కడుపుతో ఉన్న ఆడమనిషిని గంటల తరబడి తిండి లేకుండా, మంచం మీద కదలకుండా పడుకోబెట్టడం వల్ల జరిగే హాని మాత్రం ఏ చర్చకూ లొంగని నిజం. గ్రహణం వల్ల కంటికి ప్రమాదం ఉంది, అదీ సరైన రక్షణ లేకుండా సూర్యుణ్ణి చూస్తేనే. కడుపులో బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు.

ఆకాశాన్ని కొలవడం ఈ తీరానికి ప్రాణం మీది పని కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతనే బందరులో తుపాను రాడార్ వచ్చింది. ఇప్పుడక్కడ డాప్లర్ రాడార్ పనిచేస్తోంది. వాన చినుకుల నుంచి తిరిగొచ్చే తరంగం తేడాను బట్టి గాలి వేగం చెప్పే ఆ సూత్రాన్ని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించింది జంట నక్షత్రాల రంగుల గురించి. తర్వాతి కాలంలో ఎడ్విన్ హబుల్ గెలాక్సీలు దూరమవుతున్నాయని చెప్పడానికి ఆధారమైంది కూడా వర్ణపటంలో గీతలు జరగడమే. నాగాయలంక, కోడూరు జాలర్లకు ఒడ్డుకు రమ్మని అందే హెచ్చరిక వెనక చుక్కల శాస్త్రం ఉందన్నమాట. ఈ ముక్క మన తొమ్మిదో తరగతి పిల్లవాడికి చెబితే భౌతికశాస్త్రం పాఠం వాడి ఊరి పాఠమవుతుంది.

ఇవన్నీ చెప్పుకుని ఊరుకుంటే లాభం లేదు. చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడుకున్నవేమీ కావు. బందరు కోట దగ్గర తెలుగులో ఒక శిలాఫలకం కావాలి. దాని మీద జాన్సెన్ దిగిన సంగతి, పాగ్‌సన్ పసుపు గీతను చూసిన సంగతి, టాపింగ్ కన్నుమూసిన సంగతి సంవత్సరాలతో సహా ఉండాలి. అతిశయోక్తి ఒక్కటి కూడా ఉండకూడదు. కృష్ణా విశ్వవిద్యాలయం పాగ్‌సన్ నివేదికను తెలుగులోకి తెప్పించి అచ్చువేస్తే, పరిశోధనకు ముడిసరుకు దొరుకుతుంది. గుడివాడ ఏఎన్నార్ కాలేజీ, బందరు కాలేజీలు, అవనిగడ్డ బడులు కలిసి శీతాకాలంలో మబ్బులేని అమావాస్య రాత్రుల్లో జనానికి ఆకాశం చూపించవచ్చు. ఆరంగుళాల దుర్భిణి ఒకటి ఉంటే గెలీలియో చూసిన నాలుగు చందమామలూ, శని వలయాలూ స్పష్టంగా కనిపిస్తాయి. దివిసీమ చివర, హంసలదీవి వైపు, సముద్రం మీద దీపాల వెలుగు తక్కువ. అక్కడి దక్షిణాకాశంలో మన పట్నాల్లో కనిపించని చుక్కలు కనిపిస్తాయి.

పాత పేర్లనూ వదులుకోకూడదు. వేగుచుక్క, పిల్లలకోడి, గొల్లకావడి, సప్తర్షులు అనే మాటలు తాతలతోనే పోతున్నాయి. రైతుకు కార్తె అంటే నాటు ఎప్పుడు వేయాలో చెప్పే లెక్క, అదీ సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడన్న గమనింపే. ఆ లెక్క తెలిసిన పెద్దలను బడికి పిలిచి, వాళ్ళు చెప్పే చుక్కను దుర్భిణిలో చూపిస్తే, రఘునాథాచారి కట్టాలనుకున్న వారధికి మళ్ళీ ఒక ఇటుక పడుతుంది.

ముందున్న ఒక మంచి అవకాశం 2031 మే 21. ఆ రోజు కేరళ, తమిళనాడు మీదుగా వలయ సూర్యగ్రహణం సాగుతుంది. డెల్టాలో అది పాక్షికమే. అయినా పట్టపగలు సూర్యుణ్ణి కొరికినట్టు చూడగలిగే రోజు. ఎండాకాలం సెలవుల్లో వస్తుంది కాబట్టి ఆనాటికి బడులు మూసి ఉంటాయి. అంతకుముందే, ఏప్రిల్‌లో బడులు కట్టేసేలోపే, పిల్లలందరికీ నాణ్యమైన గ్రహణపు కళ్ళద్దాలు పంచాలి. అట్టముక్కకు సూది బెజ్జం పెట్టి గోడ మీద సూర్యబింబాన్ని పడేసే పద్ధతి వాళ్ళ చేతే చేయించాలి. ఆ రోజున బందరు కోనేరు సెంటర్లోనూ, గుడివాడ బస్టాండు దగ్గరా, అవనిగడ్డలోనూ తలా ఒక దుర్భిణి నిలబెట్టే బాధ్యతను ఆయా ఊళ్ళ సైన్సు ఉపాధ్యాయులు, జన విజ్ఞాన వేదిక ఇప్పటి నుంచే పంచుకోవచ్చు. గర్భిణులకు నీడలో కుర్చీలు, తాగడానికి మజ్జిగ ఏర్పాటు చేసి, వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి చూపించాలి.